మొగుడూ పెళ్ళాలిద్దర్నీ ఒకేసారి చేర్చుకోండి

ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

ఓడలరేవు నుంచి రాస్తున్నాను. కోనసీమలో అల్లవరం మండలం, వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే చోటు. ఓఎన్‌జీసీ టెర్మినల్ పుణ్యమాని మా ఊరి పేరు అప్పుడప్పుడూ పేపర్లో పడుతుంటుంది. ఈ ఉత్తరానికి గ్యాసుతో పని లేదు.

మత్తు సంగతి ప్రభుత్వంలో ఎవరికి రాయాలన్నది తేల్చుకోవడమే కష్టమైంది. మద్యం అమ్మకం ఎక్సైజు వారిది. గంజాయి పట్టుకోవడం పోలీసులది. అందుకోసం 2024 నవంబరులో ఈగల్ అని ప్రత్యేక విభాగం పెట్టి, 1972 అని ఫోను నంబరు కూడా ఇచ్చారు. అమ్మడానికి ఒకరు, పట్టుకోవడానికి ఒకరు ఉన్నారు. మధ్యలో పడిపోయినవాణ్ణి లేపాల్సింది మీ శాఖ. అందుకని మీకు రాస్తున్నాను.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఆలూమగలిద్దరూ మత్తులో పడ్డ ఇళ్ళు మనకున్నాయి. మన చికిత్సా కేంద్రాలు మాత్రం వాళ్ళలో ఒకర్ని, అదీ చాలావరకు మగవాణ్ణి, లోపలికి తీసుకుని రెండోవారిని గేటు బయట వదిలేస్తున్నాయి. ఇద్దరికీ ఒకేసారి, ఒకే చోట వైద్యం జరిగే ఏర్పాటు మీరు చేయాలి.

చాలాకాలంగా ఉన్న ఈ ఆలోచన ఒక అమెరికా డాక్యుమెంటరీ చూశాక గట్టిపడింది. దాని పేరు డోప్ సిక్ లవ్. 2005లో హెచ్‌బీఓలో వచ్చింది. తీసినవారు ఫెలీస్ కాంటీ, బ్రెంట్ రెనో, క్రెగ్ రెనో. చివరి ఇద్దరూ అన్నదమ్ములు. బ్రెంట్ రెనో 2022 మార్చిలో ఉక్రెయిన్ యుద్ధంలో శరణార్థులను చిత్రీకరించడానికి వెళ్ళి, కీవ్ పక్కన ఇర్పిన్‌లో తుపాకి గుండుకు చనిపోయాడు. ఆపద ఉన్నచోటికే కెమెరా పట్టుకుని వెళ్ళే రకం మనుషులన్నమాట. ఈ సినిమాలో వాళ్ళు న్యూయార్క్ వీధుల్లో హెరాయినుకీ క్రాక్ కొకైనుకీ బానిసలైన రెండు జంటల వెనకాల తిరిగారు. వెనకనుంచి వ్యాఖ్యానం ఉండదు. డాక్టరుగారు కుర్చీలో కూర్చుని చెప్పే హితవు ఉండదు. గుండె కరిగించే సంగీతం పెట్టి మన చేత కన్నీళ్ళు పెట్టించే ప్రయత్నం కూడా లేదు. ఒక పూట మందు దొరికి ఒళ్ళు నిలబడటం, ఆ మందు దిగిపోగానే వణుకు, వాంతులు, మళ్ళీ డబ్బు కోసం వేట. దొంగతనం, మోసం, ఒళ్ళమ్ముకోవడం, ఏదైతే అది. రోజంతా చేసే పని అదే.

ఇది అమెరికా వాళ్ళ దరిద్రం, మనకెందుకు అని పక్కన పెట్టేయవచ్చు. నన్ను పట్టుకున్నది అందులోని సూది కాదండి, సంసారం. ఆ రోడ్డు మీద ఆ జంటలకు ఇల్లు లేదు, వాకిలి లేదు, కానీ సంసారం ఉంది. ఒకరికి ఒంట్లో బాగాలేకపోతే రెండోవారు ఎక్కడెక్కడో తిరిగి తెచ్చి పెడతారు. తెచ్చేది విషమే. కానీ ఆ క్షణంలో అంతకన్నా పెద్ద ప్రేమ వాళ్ళకి తెలియదు. మానేద్దామని మాట్లాడుకుంటారు, నిజంగానే అనుకుంటారు. ఇద్దరిలో ఒకరికి ధైర్యం వచ్చిన రోజున రెండోవారికి రాదు. ఒకరు మానితే రెండోవారు ఒంటరైపోతారు, ఆ భయంతోనే మళ్ళీ ఇద్దరూ కలిసి కింద పడతారు. సినిమా పొడుగునా నాకు కనిపించింది ఇదే. 1971లో అల్ పచీనో వేసిన ది పానిక్ ఇన్ నీడిల్ పార్క్ కూడా ఇలాంటి జంట కథే గానీ, అది నటన. ఇది చూశాక అది కొంచెం అందంగా ఉందనిపించింది.

పరిశోధకులూ దీన్ని గమనించకపోలేదు. జేనీ సిమన్స్, మెరిల్ సింగర్ అని ఇద్దరు హార్ట్‌ఫర్డ్ పట్టణంలో ఇలాంటి జంటలతో మాట్లాడి 2006లో ఒక వ్యాసం ప్రచురించారు. ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండటమూ, ఒకరినొకరు మత్తులోకి లాగటమూ ఒకే బంధంలో ముడిపడి ఉంటాయన్నది అందులో ముఖ్యమైన సంగతి. వైద్యం చేసేవాళ్ళు మాత్రం ఆ బంధాన్ని చెడుసావాసం లెక్కన చూస్తారు. 'వాణ్ణి వదిలేస్తే నువ్వు బాగుపడతావు' అంటారు. వదిలేయడం కుదిరేపని అయితే ఆ మనిషి వైద్యుడి దాకా వచ్చేది కాదు.

ఇక మన సంగతికి వస్తాను. తెలుగునాట హెరాయిను సూదులతో రోడ్డున పడ్డ జంటలు తక్కువే. మన జంటల మత్తు వేరు. మొగుడూ పెళ్ళాం పక్కపక్కన కూర్చుని తాగే చోటు చూడాలంటే హైదరాబాదులోనో, తెలంగాణ జిల్లాల్లోనో కల్లు కాంపౌండుకు వెళ్ళండి. పొద్దుటినుంచి రాళ్ళు మోసిన ఇద్దరూ సాయంత్రం ఒకే బల్ల దగ్గర చేరతారు. మంచి కల్లయితే నేనేమీ అననండి, మా వైపు తాటికల్లు మా తాతల నాటిది. అక్కడ అమ్మేదాంట్లో చాలామటుకు చెట్టు నుంచి దిగింది కాదు. గిరాకీకి సరిపడా చెట్లెక్కడివి? నీళ్ళు, పంచదార, సాకరిన్ కలిపి, నిషా కోసం ఆల్ప్రజోలమ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేటు వంటి నిద్రమందులు వేస్తారు. ఆల్ప్రజోలమ్ మత్తుమందుల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వచ్చే మందు. 100 గ్రాములు దాటి దొరికితే చట్టం దాన్ని వ్యాపార పరిమాణంగా లెక్కిస్తుంది. ఆ పొడి కలిసిన కల్లు తాగేవాళ్ళు తమను తాము కల్లు తాగేవాళ్ళమనే అనుకుంటారు. వాళ్ళ ఒళ్ళు మాత్రం నిద్రమాత్రలకు బానిస అయి ఉంటుంది.

అది బయటపడేది సరఫరా ఆగిన రోజున. 2015 సెప్టెంబరులో తెలంగాణలో ఎక్సైజు వాళ్ళు కల్తీ మీద పడ్డారు. మంచిపనే. కానీ నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలాదిమంది ఆస్పత్రులకు పరుగెత్తారు. మెడలు వంకర్లు పోవడం, నాలుక మడతపడటం, మూర్ఛలు, పిచ్చి మాటలు. వాళ్ళలో ఆడవాళ్ళు కూడా ఉన్నారు. 2020 మార్చిలో లాక్‌డౌను పెట్టి దుకాణాలు మూసినప్పుడు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ముందు మళ్ళీ అలాంటి వరసే కట్టింది. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి కిడ్నీలు దెబ్బతిని మనుషులు చనిపోయారు. చనిపోయినవాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. అది పక్క రాష్ట్రం గొడవ కదా అంటారేమో. కోనసీమలో సగం కూకట్‌పల్లిలోనే కాపురం ఉందండి, మీకు తెలియంది కాదు.

అలా వెళ్ళినవాళ్ళలో మా వైపు జంట ఒకటుంది. అపార్టుమెంటులో వాచ్‌మన్ పని, సెల్లారులో గది. ఇద్దరికీ తాగుడు అలవాటయింది. పని పోయింది, గది పోయింది. పిల్లల్ని ఇక్కడ అమ్మమ్మ దగ్గర వదిలి కొన్నాళ్ళు ఫ్లైఓవరు కింద గడిపారు. బంధువులు పోగై అతన్ని ఒక డీ-అడిక్షన్ కేంద్రంలో చేర్చారు. ఆవిడా తాగుతుందని చెప్తే, ఆడవాళ్ళకి ఇక్కడ వార్డు లేదు, మీరు అటెండెంటుగా వస్తూపోతూ ఉండండి అన్నారట. తాగే మనిషికి కాపలా ఉద్యోగం! ఆయన లోపల ఉన్నన్నాళ్ళూ ఆవిడ బయట ఒక్కత్తే తాగింది. ఆయన తేరుకుని బయటికొచ్చాక వారం తిరక్కుండా ఇద్దరూ ఒకే సీసా దగ్గరున్నారు. ఆ కేంద్రంలో ఎవరి మీదా నాకు కోపం లేదు. వాళ్ళకున్న పద్ధతి అంతే.

కోనసీమలో ఇంకో రకం జంట ఉంది. వాళ్ళ మధ్య సముద్రం ఉంటుంది. రాజోలు, మలికిపురం, అమలాపురం చుట్టుపక్కల ఏ వీధికైనా వెళ్ళి అడగండి, కువైటులోనో దుబాయిలోనో మస్కట్లోనో ఇంటిపనికి వెళ్ళిన ఆడపడుచు లేని వీధి దొరకదు. పిల్లల చదువు, అప్పు, శ్లాబు ఇల్లు, వీటి కోసం వెళ్తారు. కువైటులో మద్యం అమ్మకమే నిషేధం. అక్కడ చెమటోడ్చిన డబ్బు ఇక్కడ క్వార్టరు సీసాల్లోకి పోతుంది. 2024 అక్టోబరు నుంచి ప్రైవేటు దుకాణాలు వచ్చాయి, 99 రూపాయలకే క్వార్టరు వచ్చింది, మీరూ ఒప్పుకుంటారు, ఖర్చు తగ్గింది గానీ తాగుడు తగ్గలేదు. భార్య పక్కన లేని మగాడు, పలకరించేవాళ్ళు లేని సాయంత్రం. ఫోన్లో ఆవిడ ముఖం చూసి తూలకుండా మాట్లాడటం కోసం కాల్ అయ్యేదాకా ఆగి తర్వాత తాగేవాళ్ళున్నారు. మా వీధిలో అందరికీ తెలుసు, ఆవిడకీ తెలుసు. ఆవిడ డబ్బు ఆపేస్తే పిల్లల ఫీజు ఆగుతుంది, పంపితే సీసా వస్తుంది. ఈ భార్యకు కౌన్సెలింగు ఎవరిస్తారు, ఏ దేశం నుంచి ఇస్తారు? ఫోనులో కాపురం నడుస్తున్నప్పుడు ఫోనులో కౌన్సెలింగు నడవదా? ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను టెలీమానస్ 14416 నంబరు ఎలాగూ ఉంది. గల్ఫులో పని ముగిసే రాత్రి వేళకు తెలుగు మాట్లాడే మనిషిని ఒకర్ని కూర్చోబెట్టండి చాలు.

ఢిల్లీ ఎయిమ్స్ వారు 2019లో ప్రకటించిన దేశవ్యాప్త సర్వే మీ దగ్గర ఉండే ఉంటుంది. మద్యం తాగేవాళ్ళు 16 కోట్లు. మద్యం వల్ల సాయం అవసరమైన స్థితిలో ఉన్నవాళ్ళు 5.7 కోట్లు. పూర్తిగా బానిసలైనవాళ్ళలో 38 మందికి ఒక్కరికి ఏదో ఒక చికిత్స అందింది. ఆస్పత్రిలో చేరి చికిత్స పొందినవాళ్ళు 180 మందికి ఒక్కరు. అదే సర్వేలో మగవాళ్ళు 27.3 శాతం తాగుతారని, ఆడవాళ్ళు 1.6 శాతం అని ఉంది. ఈ రెండో అంకె చూసే ఆడవాళ్ళకు పడకలు అక్కర్లేదని ఎవరో నిర్ణయించుకున్నట్టున్నారు. ఇంటికొచ్చి తలుపు కొట్టిన అపరిచితుడికి నేను తాగుతానని ఏ ఆడది చెప్తుందండి? మగాడు తాగితే తాగుబోతు, ఆడది తాగితే ఇంకో మాట. ఆ మాటకు భయపడి చెప్పరు.

తాగుడు మీద ఆడవాళ్ళ పోరాటం అంటే మనకు దూబగుంట గుర్తొస్తుంది. 1992లో నెల్లూరు జిల్లాలో మొదలై, 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్ళింది. 1997లో నిషేధం సడలిపోయింది. ఆ ఉద్యమం గొప్పది, నాకు అందులో అనుమానం లేదు. కాకపోతే అది మన మనసుల్లో ఒక బొమ్మ వేసిపెట్టింది: తాగేవాడు మొగుడు, ఏడ్చేది పెళ్ళాం. ఇద్దరూ తాగే ఇల్లు ఆ బొమ్మలో పట్టదు. కాబట్టి పథకాల్లోనూ పట్టలేదు.

అయ్యప్ప మాల సంగతి కూడా చెప్పాలి. కార్తీకం వస్తే మా ఊళ్ళో సగంమంది తాగుబోతులు నల్లబట్టలు కట్టి స్వాములవుతారు. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టరు. ఎలా సాధ్యమవుతోందని ఎప్పుడైనా ఆలోచించారా? భక్తి ఒక్కటే కాదు. ఆ నలభై ఒక్క రోజులూ ఇల్లంతా మారిపోతుంది. ఇల్లాలు తెల్లారుజామునే లేచి తలస్నానం చేసి వంట చేస్తుంది, అతన్ని స్వామీ అంటుంది, వీధి వీధంతా స్వామీ అంటుంది, సాయంత్రం భజనకు తీసుకుపోయే బృందం ఒకటుంటుంది. చర్చి వైపు ఉపవాస ప్రార్థనల్లోనూ దాదాపు ఇదే జరుగుతుంది. ఇరుముడి దించి ఇంటికొచ్చి మాల తీశాక ఇల్లు ఎప్పటిలా అయిపోతుంది, అతనూ అంతే. మనిషి చుట్టూ ఉన్నదంతా మారితే మనిషి నిలబడతాడన్న సంగతి మా ఊరికి తెలుసు. మీ వైద్యానికే ఇంకా పట్టుబడలేదు. (ఇక్కడొక చిన్న హెచ్చరిక: రోజూ పూటుగా తాగేవాడు మాల వేసుకుని ఒక్కసారిగా ఆపేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. గురుస్వాములకు ఈ సంగతి చెప్పించే బాధ్యత మీ ఆశా కార్యకర్తలకు అప్పగించండి.)

జంటగా వైద్యం అనేది నేను కలగన్నది కాదు. అమెరికాలో తిమోతీ ఒఫారెల్ వంటివారు కొన్ని దశాబ్దాలుగా ఇదే పని చేస్తున్నారు. రోజూ ఒక వేళకు తాగేవాడు భార్య ఎదుట కూర్చుని, ఈ రోజు తాగనని మాట ఇస్తాడు, మద్యం ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ మాత్ర, డాక్టరిచ్చింది, ఆవిడ చూస్తుండగా వేసుకుంటాడు. ఆవిడ థాంక్స్ చెప్తుంది. పాత తాగుడు గొడవలు ఆ రోజుకి ఎత్తకూడదు. వినడానికి నాటకంలా ఉంటుంది గానీ పని చేస్తుంది. 2011లో బ్రిటన్ నైస్ సంస్థ తమ మార్గదర్శకాల్లో దీన్ని చేర్చింది. మన బస్టాండు గోడల మీద దీనికి సరిగ్గా వ్యతిరేకమైన ప్రకటనలుంటాయి చూశారా? 'తాగేవారికి తెలియకుండా అన్నంలో కలిపి ఇవ్వండి' అని. ఆ పొడుల్లో డైసల్ఫిరామ్ ఉంటే, తెలియక తాగినవాడి గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. అదే మాత్ర, ఒక చోట ఇద్దరి మధ్య ఒప్పందం, ఇంకో చోట మోసం.

అంతదూరం వెళ్ళడం దేనికి, మన దేశంలో చూడండి. 1950లలో అమృతసర్ మానసిక ఆస్పత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలకు ఆస్పత్రి ఆవరణలో గుడారాలు వేయించి, రోగితోపాటే ఉంచుకున్నారు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో కుటుంబ మనోరోగ చికిత్సా కేంద్రం ఉంది, అక్కడ కుటుంబాన్ని కుటుంబంగానే చేర్చుకుంటారు. చెన్నైలో టీటీకే ఆస్పత్రిని నడిపే సంస్థను 1980లో మొదలుపెట్టింది శాంతి రంగనాథన్. తాగుడువల్ల భర్తను పోగొట్టుకున్న ఆవిడ. అక్కడ చికిత్సలో కుటుంబానికి విడిగా కార్యక్రమం పెట్టారు. ఆవిడకు 1992లో పద్మశ్రీ ఇచ్చి గౌరవించాం. గౌరవించడంతో సరిపెట్టాం.

చట్టం కూడా మీకు అడ్డు రాదు. మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడ్డ మానసిక స్థితులు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికే వస్తాయి. చికిత్సలో ఉన్న తల్లి నుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా విడదీయకూడదని అదే చట్టం 21వ సెక్షనులో రాశారు. బిడ్డ దగ్గరుంటే తల్లి నిలదొక్కుకుంటుందని చట్టం రాసినవాళ్ళకు తోచింది. అలాగే ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఎ సెక్షను ప్రకారం, కొద్దిపాటి మత్తుమందు కేసులో ఉన్న బానిస తనంతట తాను చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి మినహాయింపు దొరుకుతుంది. ఈ సంగతి ఈగల్ వారి ర్యాలీల్లో బ్యానరు మీద నాకెప్పుడూ కనబడలేదు. మా చుట్టుపక్కల కాలేజీల్లో పిల్లల చేత 'డ్రగ్స్ వద్దు బ్రో' అని ప్రతిజ్ఞ చేయించే ఓపికలో పదోవంతు, 'వస్తే జైలు లేదు, వైద్యం ఉంది' అని చెప్పడానికి పెట్టండి.

అయితే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కొట్టే మొగుణ్ణీ దెబ్బలు తినే పెళ్ళాన్నీ ఒకే గదిలో పెట్టమని నేను అడగడం లేదు. ఆవిడను ఒంటరిగా అడిగి, అడిగేది కూడా ఒక ఆడ కౌన్సెలరే అయి, ఆవిడకు ఇష్టమైతేనే కలిపి ఉంచాలి. ఇష్టం లేకపోతే ఆవిడకు విడిగా పడక ఉండాలి. ఇప్పుడు చాలాచోట్ల ఈ రెండూ లేవు, బాధ అదీ. ఇద్దర్నీ చేర్చుకుంటే లోపలే కలిసి మందు తెప్పించుకుంటారని కేంద్రాలు నడిపేవాళ్ళు అంటారు. నిజమే, కొందరు అలాగే చేస్తారు. ఒక్కడుగా చేరినవాడు కూడా గోడదూకి తెప్పించుకుంటున్నాడు కదా, ఆ కారణంతో మగ వార్డులు మూసేయలేదు.

టీబీ వస్తే ఇంట్లో అందరికీ పరీక్ష చేస్తారు. హెచ్ఐవీ వస్తే భాగస్వామిని పిలిపిస్తారు. తాగుడుకు మాత్రం ఒక్కడినే పరుపు మీద పడుకోబెట్టి సెలైన్ ఎక్కించి పంపేస్తున్నారు.

అమలాపురం ఏరియా ఆస్పత్రిలో నాలుగు గదులు చాలండి, పెద్ద భవనం అడగడం లేదు. జంటకో గది. మొదటి వారం ఫిట్స్ రాకుండా చూసుకునే వైద్యుడు ఒకరు. మానసిక వైద్యుడు కాకినాడ నుంచి వారానికి రెండు రోజులు వచ్చినా నడుస్తుంది. పిల్లల్ని చూసుకునేందుకు అంగన్‌వాడీ తరహా మనిషి ఒకరు. మద్యం మీద వచ్చే ఆదాయంలో ఇది ఎక్కడ తేలుతుందో మీ ఆర్థికశాఖ వారికే బాగా తెలుసు. ఇళ్ళు కోల్పోయి రోడ్డున పడ్డ జంటలకు చికిత్స అయ్యాక ఉండటానికి చోటు లేకపోతే అంతా వృథా. విశాఖ, విజయవాడల్లోని రాత్రి ఆశ్రయాల్లో మగవాళ్ళ హాలు, ఆడవాళ్ళ హాలు ఉంటాయి గానీ కలిసి ఉండే చోటు దొరకడం కష్టం. ఆ కారణానికే చాలా జంటలు ఆశ్రయం వదిలి ఫుట్‌పాత్ ఎంచుకుంటాయి. మునిసిపల్ శాఖతో ఆ మాట మీరే మాట్లాడాలి.

ఇవన్నీ ఆలస్యమైతే, రూపాయి ఖర్చులేని పని ఒకటి రేపే చేయవచ్చు. రాష్ట్రంలోని ప్రతి డీ-అడిక్షన్ కేంద్రంలో చేరేటప్పుడు నింపే ఫారంలో అటెండెంటు పేరు, రోగితో సంబంధం అని అడుగుతారు. దాని కింద ఒక గడి చేర్పించండి: 'మీ భార్య లేదా భర్త కూడా తాగుతారా? మరే మత్తయినా వాడతారా?' ఆ గడిలో ఆరు నెలల్లో ఎన్ని 'అవును'లు వచ్చాయో జిల్లాలవారీగా లెక్కకట్టించి, శాసనసభలో చెప్పండి. ఆ లెక్క చూశాక కూడా పడకలు అక్కర్లేదనిపిస్తే, ఆ మాటే మాకు రాతపూర్వకంగా తెలియజేయండి.

ఇట్లు,
ఓడలరేవు వాస్తవ్యులు ఒకరు
అల్లవరం మండలం, డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా